ఆటకు గడియారము కొలబద్దయా?

తెనాలి బస్టాండునకు వెనుకనున్న ఇరుకు సందులో, సైకిళ్ళ మరమ్మతు కొట్టునకును సోడా బండికిని నడుమ, మూడు టెలివిజన్ పెట్టెలును మూడు పొట్టి బల్లలును పట్టునంత వీడియో గేముల గది యొకటి నా బాల్యమున, అనగా 1990ల నడిమి కాలమున, ఉండెడిది. బడి విడిచిన పిల్లలందఱు పుస్తకాల సంచులతోనే అచ్చట వచ్చి వ్రాలుచుండిరి. ఆ గదిలో అమ్ముడుపోవు సరకు నిజమునకు ఆట కాదు, కాలము: గంటకు 5 రూపాయలు, అరగంటకు 3. గల్లాపెట్టె మీద నొక అలారం గడియారముండెడిది. అది మ్రోగినంతనే, మారియో గోతిపైని గాలిలో తేలుచుండినను, కాంట్రా ఆటలోని సిపాయి కడపటి ప్రాణముతో కడపటి రాక్షసుని యెదుట నిలిచియుండినను, యజమాని చేయి చాపి స్విచ్చి కట్టివేయుచుండెను. "ఒక్క నిమిషం అన్నా, ఒక్క నిమిషం!" అని మేము బ్రతిమాలుకొనుటయు, "రూపాయి తే, పది నిమిషాలు ఆడుకో" అని ఆయన యనుటయు నిత్యకృత్యము.

నాటి గడియారము నేటికిని మ్రోగుచునే యున్నది. వీడియో గేము కొనదలచిన వాడెవడైనను, అది యెట్లున్నదని అడుగుటకు ముందుగా, "ఎన్ని గంటలు వస్తుంది?" అని అడుగుచున్నాడు. ఏ ఆట ముగియుటకు ఎంత కాలము పట్టునో, ఆడినవారు చెప్పిన లెక్కలను ప్రోగుచేసి చూపుటయే పనిగా హౌ లాంగ్ టు బీట్ అను పట్టిక యొకటి పదేండ్లకు పైగా ప్రసిద్ధమై వర్ధిల్లుచున్నది. వెలను గంటలతో భాగించి, గంటకింత పడినదని తేల్చి, చవుకైనదానిని మేలైనదిగను, ప్రియమైనదానిని మోసముగను ఎంచువారు కోకొల్లలు. ఈ భాగహారము న్యాయమైనదేనా యనునది ప్రశ్న.

మన భాషలో వెల యనియు విలువ యనియు రెండు మాటలున్నవి. అవి చుట్టములే యైనను ఒకే ఇంట కాపురముండునవి కావు. ఉప్పు వెల స్వల్పము. లేనినాడు గాని దాని విలువ తెలియదు. ఆటకు వెల కట్టువేళ గంటలను లెక్కించుట వేఱు, విలువ కట్టువేళ లెక్కించుట వేఱు. మొదటిది గృహస్థుని వివేకము. రెండవది, నా యభిప్రాయమున, కొలతపాత్రను ధాన్యమని భ్రమించుట.

అయినను ఆ గృహస్థుని వివేకమును నేను చులకన చేయజాలను. నేడు మన దేశమున పేరుపొందిన క్రొత్త కన్సోల్ గేము వెల కొన్నియెడల 5 వేల రూపాయల దాపున నున్నది. నెల జీతములో నుండి అంత సొమ్ము తీసి కొడుకు చేతిలో పెట్టిన తండ్రి, అది రెండు రాత్రులలో ముగిసిపోయిన యెడల నొచ్చుకొనుటలో వింత యేమున్నది? 50 గంటలు వచ్చిన ఆట గంటకు 100 రూపాయలు. 5 గంటలే వచ్చినది గంటకు 1,000. రెండున్నర గంటల సినిమాకు 250 రూపాయల టిక్కెట్టు కొన్నవానికిని గంటకు 100 రూపాయలే పడును. సంవత్సరమున కొక్క ఆట కొనగలిగిన పిల్లవానికి దీర్ఘమైన ఆట కావలెను. తీరికయే కఱవై, సొమ్మునకు కొదువలేని ఉద్యోగికి పొట్టి ఆట కావలెను. విమర్శకులు సాధారణముగ ఈ రెండవ వర్గమువారు, పైగా ఆటలు ఉచితముగ చేతికి వచ్చువారు, కనుకనే గంటల లెక్క అల్పబుద్ధి యని వారు తీర్పు చెప్పినపుడు నాకు మూడు రూపాయలకు అరగంట కొనుక్కొన్న పిల్లవాడే గుర్తుకు వచ్చుచుండును. ఒక్క మాట మాత్రము నిజము: ఈ లెక్క ఆటను గూర్చి చెప్పుదానికంటె ఆడువాని జేబును గూర్చియు తీరికను గూర్చియు చెప్పునది యెక్కువ.

ఇక ఈ కొలత పుట్టుక యెట్టిదో చూతము. 1972లో అటారీవారి పాంగ్ వచ్చినది మొదలు, నాణెము వేసి ఆడు యంత్రములే ఈ కళకు మొదటి వేదికలు. 1978లో జపాను దేశమున టైటో సంస్థకై తొమోహిరో నిషికాడో రచించిన స్పేస్ ఇన్వేడర్స్‌లో, శత్రువులను కూల్చినకొలదిని మిగిలినవారు వేగముగా దిగివత్తురు. ఇది మొదట బుద్ధిపూర్వకముగ చేసినది కాదు. తెరమీద గీయవలసిన బొమ్మలు తగ్గినకొలదిని ఆనాటి బలహీనమైన యంత్రమునకు భారము తగ్గి, నడక హెచ్చినది, రచయిత దానిని మెచ్చి అట్లే యుంచినాడు. వ్యాపారికిని అది బాగుగ కలిసివచ్చినది. ఏలన యంత్రము నడుపువానికి కావలసినది ఆటగాడు త్వరగా ఓడిపోవుట. ఓడినవాడు గాని మరల నాణెము వేయడు. ఒకడు ఒక నాణెముతో సాయంకాలమంతయు నిలిచి ఆడగలిగినచో వాని నైపుణ్యమును వెనుకనున్నవారు మెచ్చుకొందురు గాని కొట్టువాని గల్లాపెట్టె మెచ్చుకొనదు. ఆ యుగమున పొట్టి ఆటయే లాభము.

కన్సోలు ఇండ్లలోనికి వచ్చుటతో ఈ సూత్రము తలక్రిందులైనది. ఇంటికి కొని తెచ్చుకొన్న క్యాసెట్టు ఒక్క పూటలో ముగియరాదు. కాని దానిలో పట్టు సరకు మిక్కిలి స్వల్పము. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్, 8 లోకములు, లోకమునకు 4 చొప్పున 32 స్టేజీలతో కలిపి, సుమారు 40 కిలోబైట్లలో ఇమిడినది. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము దానికి ఎన్నో రెట్లుండును. ఇంత చిన్న వస్తువును నెలల తరబడి సాగదీయుటకు ఆనాటివారికి దొరికిన ఉపాయము కాఠిన్యము: గోతిలో పడినచో ప్రాణము పోవును, మూడు ప్రాణములు పోయినచో మొదటికి పోవలెను. అమెరికాలో క్యాసెట్టులను వారాంతమునకు అద్దెకిచ్చు కొట్లు వెలసినపుడు ఈ కాఠిన్యము మరింత ముదిరినది. డిస్నీ చిత్రమును బట్టి 1994లో వచ్చిన ద లయన్ కింగ్ ఆటలో కోతులుండు రెండవ స్టేజియే అంత దుర్గమముగ నుండుటకు కారణము, అద్దెకు తెచ్చుకొన్నవాడు రెండు దినములలో ముగించి తిరిగి ఇచ్చివేయరాదన్న తలంపేయని దానిని నిర్మించినవారిలో ఒకరు తరువాత చెప్పియున్నారు. ఆ కోతుల స్టేజిలో ఏడ్చిన పిల్లల కన్నీటికి వర్తకుని లెక్కలపుస్తకమే మూలమన్నమాట.

కాలమును అమ్మినవాడు వర్తకుడు. దానిని కొలిచినవాడును మొదట వర్తకుడే. ఆడువారు ఆ తూనికను తరువాత అరువు తెచ్చుకొనిరి.

అరువు తెచ్చుకొన్న తూనిక సరిగా తూగునా? మరల మారియోనే చూడుడు. వేగముగా ముగించుటయే వ్రతముగా పెట్టుకొన్న నిపుణులు ఆ 32 స్టేజీల ఆటను, దొడ్డిదారులన్నియు వినియోగించి, 5 నిముషములలోపుననే ముగించుచున్నారు. నేను దానిని ముగించుటకు రెండు వేసవులు పట్టినది. ఆట ఒక్కటే, ఎవరి గడియారము ప్రమాణము? టెట్రిస్ కథ ఇంకను విచిత్రము. 1984లో మాస్కోనగరమున అలెక్సీ పజిత్నోవ్ కల్పించిన ఈ ఆటకు గెలుపే లేదు; పైనుండి రాలు ముక్కలు పేర్చుకొనుచు, ఎపుడో ఓడిపోవుటయే దాని పరిసమాప్తి. కావున గంటల లెక్కవారు దానిని అనంతమైన ఆటగ నెంచవలెను. కాని 2023 డిసెంబరులో అమెరికాకు చెందిన 13 ఏండ్ల బాలుడొకడు, 1989 నాటి నింటెండో టెట్రిస్‌ను, అందలి గణనయంత్రమే తికమకపడి నిశ్చేష్టమైపోవునంత దూరము ఆడి చూపించినాడు. అనంతమనుకొన్నదాని అంతము చూచుటకు ఆనాడు పట్టిన కాలము సుమారు 38 నిముషములు! దానికై ఆ బాలుడు చేసిన సాధన యెన్ని గంటలో ఆ 38లో చేరదు.

బాల్యమున నాకు ఈ సంఖ్యామోహము వదలిన వృత్తాంతమొకటి ఇచ్చట చెప్పక తప్పదు. మా పినతండ్రి మద్రాసు వెళ్ళి, బర్మా బజారులో బేరమాడి, పసుపుపచ్చని క్యాసెట్టు నొకదానిని నాకై కొని తెచ్చెను. దానిమీద "9999 ఇన్ 1" అని ఎఱ్ఱని అక్షరములు. తొమ్మిదివేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది ఆటలు! ఆ రాత్రి మా వీధిలో నిద్రపోయిన పిల్లవాడు లేడు. దినమునకు పది చొప్పున ఆడినను రెండున్నర ఏండ్లకు పైగా చాలునని నేను కాగితముమీద లెక్క వేసి గోడకు అంటించితిని. మఱునాటినుండి వరుసగా ఆడుచు రాగా, 40వ ఆట మొదటి ఆటయే యని తేలినది. 80వది కాంట్రాయే గాని సిపాయి మూడవ స్టేజినుండి బయలుదేరును. 120వది మరల కాంట్రాయే, ప్రాణములు మాత్రము ముప్పది. ఒకచోట మారియో చొక్కా రంగు మారినది. వేసవి ముగియునప్పటికి మేము ఏరి తీసిన అసలు ఆటలు ముప్పదికి మించలేదు. "పోనీలేరా, తొమ్మిదివేలు చేసేవాడికి మాత్రం తీరికేదీ?" అని మా పినతండ్రి నన్నే ఓదార్చెను.

నేటి పెద్ద గేములలో కొన్నింటిని చూచినపుడు నాకు ఆ పసుపుపచ్చ క్యాసెట్టే స్మరణకు వచ్చును. విశాలమైన రాజ్యము, అందు నూఱు కోటలు, కోటకొక పెట్టె, పెట్టెకొక తాళము. పది కోటలు చూచినవానికి తక్కిన తొంబదియు చూచినట్లే. కొనువాడు గంటలు అడుగుచున్నాడు గనుక అమ్మువాడు గంటలు పోయుచున్నాడు. పాలు అడిగినవారికి కొలతకు పోయవలసివచ్చినపుడు ఏమి కలియునో మన ఇల్లాండ్ర కెవరును చెప్పనక్కఱలేదు. 2022 జనవరిలో పోలండు దేశపు టెక్‌లాండ్ సంస్థవారు తమ డయింగ్ లైట్ 2 విడుదలకు ముందు, ఆటను సర్వసమగ్రముగ ముగించుటకు కనీసము 500 గంటలు పట్టుననియు, అది వార్సా నుండి మాడ్రిడ్ వఱకు నడచిపోవుటకు పట్టు కాలమునకు ఇంచుమించు సమానమనియు గర్వముగ ప్రకటించిరి. జనులు పొంగిపోవుదురని వారి యూహ. జరిగినది వేఱు: ఉద్యోగములు, పిల్లలు, తలనొప్పులు గల పెద్దవారు అదరిపడి, అంత దూరము మేము నడువజాలమని మొఱపెట్టిరి, ముఖ్యకథకు 20 గంటలు చాలునని సంస్థవారే సమాధానము చెప్పుకొనవలసివచ్చెను.

యూబీసాఫ్ట్‌వారి చర్య యంతకంటె చమత్కారమైనది. 2018లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో కథానాయకుని శక్తి నెమ్మదిగా పెరుగును. త్వరగా పెరుగవలెనన్నచో ప్రత్యేకముగ మరికొంత సొమ్ము చెల్లించు ఏర్పాటు వారే చేసిరి. అనగా దీర్ఘమైనదని ఒకసారి అమ్మిన వస్తువును, పొట్టిచేసి ఇత్తుమని రెండవసారి అమ్మిరి. ఫోనులలోని ఉచిత గేములు ఈ విద్యను శాస్త్రముగ మార్చినవి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగాలో 5 ప్రాణములు. పోయిన ప్రాణము తిరిగి వచ్చుటకు అరగంట వేచియుండవలెను, లేదా సొమ్ము చెల్లింపవలెను. తెనాలి కొట్టులో సొమ్ము ఇచ్చి ఆడు కాలమును కొనుచుంటిమి. ఇచ్చట సొమ్ము ఇచ్చి ఆడకుండ కూర్చుండు కాలమును వదిలించుకొనుచున్నారు. గంటలే విలువయైనచో, గంటలను తప్పించుకొనుటకు ఇంతమంది సొమ్మేల చెల్లింతురో ఆ లెక్కవారే చెప్పవలెను.

పొట్టి ఆటల మాటకు వత్తము. 2007లో వాల్వ్‌వారు పోర్టల్ అను మూడు నాలుగు గంటల ఆటను ఇతర గేములతో కలిపి ఒకే పెట్టెలో కట్టి అమ్మిరి. మఱు సంవత్సరము గేము నిర్మాతలే ఇచ్చు పురస్కారములలో ఉత్తమమైనదిగ నిలిచినది ఆ చిన్నదే. 2012 నాటి జర్నీ, ఎడారిలో ఒంటరియాత్రికుని కథ, రెండు గంటలలో ముగియును. గ్రామీ పురస్కారమునకు నామినేషను పొందిన మొదటి గేము సంగీత సంపుటి దానిదే. ఈ రెండును ప్రసిద్ధములే గనుక వానిపై నిలువక, మన ఇండ్లకు మరింత దగ్గఱదైన వెణ్బాను గూర్చి చెప్పెదను.

2023లో కెనడాలోని టొరంటో నగరమునుండి వెలువడిన ఈ చిన్న గేములో, 1980ల చివర తమిళదేశమునుండి అచ్చటికి వలసపోయిన వెణ్బా యను ఇల్లాలు, ఆమె భర్త పావలన్, అచ్చట పుట్టిన కొడుకు కవిన్ ముఖ్యపాత్రలు. తల్లి ఇచ్చి పంపిన పాత వంటల పుస్తకము వెణ్బా చేతిలో నున్నది. దాని పుటలు చిరిగి, తడిసి, అక్షరములు చెదరియున్నవి. ఇడ్లీ పళ్ళెములను పాత్రలో ఎట్లు అమర్చిన ఆవిరి అన్నింటికిని చేరునో, ఏది ముందు వేయవలెనో, ఏది పిదప వేయవలెనో, పోయిన అక్షరములను ఊహించి ఆడువాడే కనిపెట్టవలెను. అంతియే ఆట. తుపాకి లేదు, గెలుపు లేదు, ప్రాణములు పోవుట లేదు. నడుమ సంవత్సరములు గడచును. కొడుకు బడికి పోవును, ఇంటి భాషకు సిగ్గుపడును, ఇంటి కూడు వలదనును, దూరమగును. గంటన్నరలో అంతయు ముగియును. 2024లో బ్రిటిష్ అకాడమీవారు దీనికి ఉత్తమ తొలి గేము పురస్కారమిచ్చిరి.

గంటన్నరకు ఈ వెల యేమని గొణిగినవారును లేకపోలేదు. కాని దీనిని 60 గంటలకు సాగదీసిన నేమగును? వెణ్బా నూఱు వంటలు వండవలెను, నూఱు పుటలు అతికింపవలెను. ఇరువదియవ పుటకు ఆ చిరిగిన కాగితము తల్లి చేతివ్రాతయన్న సంగతి మఱచి, తాళము తీయు పనిగ చేయుదుము. అక్షరములు కొన్నియే మిగిలియుండుటలో ఆ పుస్తకమునకు బలమెట్లున్నదో, వంటలు కొన్నియే యుండుటలో ఆ యాటకు బలమట్లున్నది. డాలసులోనో మెల్బోర్నులోనో ఫోను చెవికి ఆనించుకొని, "పోపులో ఇంగువ ముందా, వెనకా అమ్మా?" అని అడుగు మన పిల్లల కథయు ఇదియే గనుక, దీని నిడివిని కొలువవలెనని నాకు తోచలేదు. పెద్ద ఆటలలోను నిండుతనమున్నవి కలవు. దీర్ఘత నిందింపదగినది కాదు. నిడివి కథలోనుండి పుట్టవలెను గాని పెట్టెమీది అంకెలోనుండి కాదు.

అయితే ఈ అంకె నేడు ఆటల ప్రాణములమీదికే వచ్చుచున్నది. స్టీమ్ అను విక్రయశాల 2015 జూనునుండి, కొన్న 14 దినములలో, 2 గంటలకంటె తక్కువ ఆడినవారికి సొమ్ము తిరిగి ఇచ్చు పద్ధతి పెట్టినది. కొనువానికి ఇది మంచి రక్షణ. పని చేయని గేము అంటగట్టబడినవారు పూర్వము పడిన అవస్థ నేనెఱుగుదును. కాని గంటన్నర ఆటను మొదటినుండి తుదివఱకు ఆడి, బాగున్నదని మెచ్చికూడ, సొమ్ము వెనుకకు తీసికొనుటకు ఇది దారి యిచ్చినది. 2021లో సమ్మర్ ఆఫ్ '58 అను చిన్న భయానక గేమును చేసిన నిర్మాత ఈ కారణము చెప్పియే కొంతకాలము వృత్తి విడుచుచున్నానని ప్రకటించెను. భోజనము చేసి, విస్తరి మడిచి, వంట బాగున్నదని చెప్పి, పూటకూళ్ళమ్మనుండి డబ్బు తిరిగి పుచ్చుకొన్నట్లున్నది.

గంటలు విలువను చెప్పవు సరే, హానినైనను చెప్పునా? తల్లిదండ్రులకు ఇదియే పెద్ద ప్రశ్న. చైనా ప్రభుత్వము 2021లో 18 ఏండ్లలోపు వారికి శుక్ర, శని, ఆదివారములలోను సెలవులలోను రాత్రి 8 నుండి 9 వఱకు మాత్రమే ఆన్‌లైను గేములని గడియారముతోనే శాసించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ మాత్రము 2019లో ఆమోదించిన రోగముల పట్టికలో గేమింగ్ వ్యాధిని నిర్వచించుచు, ఇన్ని గంటలని ఎచ్చటను చెప్పలేదు. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నింటికంటె ఆటయే ముఖ్యమగుట, చెఱుపు కనబడుచుండినను మానలేకపోవుట, ఇవియే దాని లక్షణములు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో సుమారు 39 వేలమంది ఆటగాండ్ర కాలమును, వారి నోటిమాటనుబట్టి గాక, గేము సంస్థల లెక్కలనుండియే గ్రహించి పరిశీలింపగా, ఆడిన కాలము హెచ్చుతగ్గులకును మనస్సు కుదుటపడుటకును చెప్పదగిన సంబంధము కానరాలేదు. ఆడవలెనని ఆడుచున్నాడా, ఆడక తప్పదని ఆడుచున్నాడా యను భేదమే ముఖ్యముగ తోచినది.

ఆ భేదమును నేను మా మేనల్లుని గదిలో కన్నులార చూచితిని. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. ఒకే గేము, అయిదేండ్లుగా ఆడుచున్నాడు. తెరమీద వాని పేరు ప్రక్కన 2,143 గంటలని యున్నది. దాని క్రిందనే వాడు వ్రాసిన అభిప్రాయము: "ఎవరూ కొనకండి."

"ఇన్ని గంటలు ఆడి ఇదేమి మాటరా?" అంటిని.

"బాగుండదు మామయ్యా. మా ఫ్రెండ్స్ అందరూ అక్కడే ఉంటారు, అందుకని."

"మరి రెండు వేల గంటలు?"

వాడు నవ్వి, "అన్నీ ఆడినవి కావులే. ఆన్‌లో పెట్టేసి పడుకున్నవి కూడా అందులో కలిసిపోతాయి. మొన్న మీ ఇంట్లో పెళ్ళికి మూడు రోజులు వచ్చాను చూడు, కంప్యూటర్ కట్టడం మర్చిపోయాను. ఆ డెబ్బై రెండు గంటలూ అందులోనే ఉన్నాయి" అనెను.